సోమరి కన్నుకు పెద్ద వయసులో అక్షరాభ్యాసం

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, నూర్పిడి జరుగుతున్న చోట నిలబడి మాట్లాడుతుండగా గాలి తిరిగి నా కుడికంట్లో వడ్ల ఊక పడింది. తెలియక గట్టిగా నులిమాను. తెల్లవారేసరికి కన్ను ఎర్రబడి, ధారగా నీరు కారుతూ, రెప్ప తెరవడానికి వీలులేనంతగా వాచిపోయింది. పట్నానికి వెళితే అక్కడి నేత్ర వైద్యులు పరీక్షించి, నల్లగుడ్డు పైపొర గీసుకుపోయిందని చెప్పి చుక్కల మందు ఇచ్చారు. వారం రోజులు ఆ కంటికి పని చెప్పవద్దన్నారు.

ఆ వారంలోనే నాకొక సంగతి తెలిసింది. పుట్టి 44 ఏళ్ళయినా నేను ఒంటి కంటితోనే లోకాన్ని చూస్తున్నాను!

నేను పాఠశాలలో ఉపాధ్యాయినిని. సెలవులలో దిద్దవలసిన జవాబు పత్రాల కట్ట నా వెంట ఉన్నది. కుడికన్ను మూసి, ఎడమకంటితో చదవబోయాను. కాగితం కనిపిస్తున్నది, వరుసలు కనిపిస్తున్నవి, కాని అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చీమల బారులా ఉన్నవి. ఆ కంటిలో నొప్పి లేదు, ఎరుపు లేదు, మెల్ల లేదు. అద్దంలో చూసుకుంటే కుడికంటికీ దానికీ భేదమే లేదు.

మళ్ళీ వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఈ మాట చెప్పాను. ఆయన పరీక్షించి, "అమ్మా, ఇది లేజీ ఐ. ఎనిమిదేళ్ళ లోపల పట్టుకోవలసినది. ఇప్పుడు చేసేదేమీ లేదు. ఆ రెండో కంటిని జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు.

కుడికన్ను నయమయింది. నా భయం మాత్రం నయం కాలేదు. ఉన్న దీపం ఒక్కటేనని తెలిసిన ఇంటిలో గాలి వీచిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది కదా! ఆ వైద్యులు చెప్పిన మాటలో ఎంత నిజమున్నదో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను, మరికొందరు నిపుణులను కలిశాను. ఆ మాట పూర్తిగా అసత్యం కాదు, పూర్తిగా సత్యమూ కాదు. నేను తెలుసుకున్నదీ, చేసి చూసినదీ పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సోమరి కన్ను అనగానేమి?

దీనిని వైద్యులు 'ఆంబ్లియోపియా' అంటారు. వాడుకలో లేజీ ఐ, సోమరి కన్ను. నిజానికి ఇక్కడ కన్ను సోమరి కాదు. కన్ను బొమ్మను పట్టి పంపుతూనే ఉంటుంది. దానిని చదువుకోవలసిన మెదడే చదవడం మానివేస్తుంది.

శిశువు పుట్టగానే చూడటం రాదు. నడక నేర్చినట్లే, మాట నేర్చినట్లే చూపునూ నేర్చుకోవాలి. తొలి ఏడెనిమిది సంవత్సరాలలో రెండు కళ్ళూ పంపే బొమ్మలను కలిపి ఒకే దృశ్యంగా చేసుకోవడం మెదడు అభ్యసిస్తుంది. ఆ కాలంలో ఒక కంటి నుండి మసక బొమ్మ వస్తే, లేదా మెల్లవలన రెండు కళ్ళూ వేర్వేరు దిక్కులకు చూస్తే, మెదడు గందరగోళాన్ని తప్పించుకోవడానికి ఒక కంటి మాటను పెడచెవిన పెడుతుంది. అదే అలవాటై స్థిరపడుతుంది.

దీనికి ముఖ్య కారణాలు మూడు. మొదటిది మెల్ల. రెండవది రెండు కళ్ళ అద్దపు పవరులో ఎక్కువ తేడా. నాది ఇదే. కుడికంటికి పవరు దాదాపు లేదు, ఎడమకంటికి ప్లస్ నాలుగున్నర. మూడవది పుట్టుకతో వచ్చే శుక్లం, లేదా కనుపాపను కప్పేటంతగా జారిన రెప్ప. వీటిలో రెండవది పైకి కనబడదు. అందుకే అది అందరినీ మోసగిస్తుంది.

'వయసు దాటితే అంతే' అన్న మాట ఎక్కడిది?

మంచి కంటిని మూసి, మందకొడి కంటికి పని చెప్పాలన్న చికిత్స కొత్తది కాదు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ 1743లోనే దీనిని సూచించాడు. అయితే చిన్నపిల్లలలో ఫలించినట్లుగా పెద్దలలో ఇది ఎందుకు ఫలించదన్నది చాలాకాలం తెలియలేదు.

1960ల దశాబ్దంలో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద ప్రయోగాలు చేశారు. పుట్టిన తొలి వారాలలో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడులోని దృష్టి కేంద్రంలో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు మిగలలేదు. ఎదిగిన పిల్లి కన్ను అదేవిధంగా మూస్తే ఈ నష్టం కలుగలేదు. అనగా చూపు నేర్చుకోవడానికి ఒక కీలక కాలమున్నదని తేలింది. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది. కీలక కాలం దాటితే తలుపు మూసుకుంటుందన్న నమ్మకం వైద్యలోకంలో స్థిరపడింది.

తలుపు సందు నుండి వెలుతురు

తర్వాతి కాలంలో ఈ నమ్మకానికి కొన్ని బీటలు పడ్డాయి. ప్రమాదం వలననో వ్యాధి వలననో మంచి కన్ను పోగొట్టుకున్న పెద్దలలో కొందరికి, అంతవరకూ పనికిరాదనుకున్న కంటి చూపు తనంతట తానే మెరుగయింది. తలుపుకు తాళం పడి ఉంటే ఇలా జరగడానికి వీలులేదు.

1996లో డెన్నిస్ లెవి, ఉరి పొలాట్ అనే పరిశోధకులు సోమరి కన్ను ఉన్న పెద్దలచేత సున్నితమైన గీతలను పోల్చే సాధన చేయించి, పదే పదే అభ్యాసంతో ఆ నైపుణ్యం పెరుగుతుందని చూపారు. 2004లో పొలాట్ బృందం లేత, ముదురు చారల బొమ్మలతో సాధన చేయించగా, మసక తేడాలను గుర్తించే శక్తి సుమారు రెట్టింపయింది. అక్షరాలు చదివే శక్తి కూడా పెరిగింది. 2011లో లెవి బృందం 20 మందికి మంచి కన్ను మూసి, 40 గంటలకు పైగా వీడియో ఆటలు ఆడించింది. చూపు తీక్షణత సగటున 33 శాతం మెరుగయింది.

అమెరికాలో 507 మంది పిల్లలపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. 7 నుండి 12 ఏళ్ళ వారిలో కళ్ళజోడుతో బాటు మంచి కంటిని కప్పడం మొదలైన చికిత్సలు చేస్తే 53 శాతం మందికి మేలు కలిగింది. కేవలం కళ్ళజోడు ఇచ్చిన వారిలో 25 శాతం మందికే కలిగింది. 13 నుండి 17 ఏళ్ళ వారిలో, అంతకు పూర్వం ఏ చికిత్సా పొందని వారిని విడిగా చూస్తే, చికిత్సతో 47 శాతం, కళ్ళజోడుతో మాత్రమే 20 శాతం. ఎనిమిదేళ్ళ గీత అంత గట్టి గీత కాదని దీనివలన స్పష్టమవుతున్నది.

సూజన్ బారీ అనే అమెరికన్ నాడీశాస్త్ర అధ్యాపకురాలి ఉదంతం ప్రసిద్ధమైనది. పసితనం నుండి ఆమెకు మెల్ల. శస్త్రచికిత్సలతో కళ్ళు చూడటానికి నిటారు అయినా, రెండు కళ్ళనూ కలిపి లోతును చూసే శక్తి రాలేదు. 48వ ఏట దృష్టి సాధన మొదలుపెట్టాక, ఒకనాడు కారులో స్టీరింగు చక్రం తన ముందు గాలిలో తేలి నిలిచినట్లు కనబడిందట! ఆలివర్ శాక్స్ అనే వైద్య రచయిత 2006లో ఆమె కథ వ్రాశారు. 2009లో ఆమె తానే పుస్తకం వ్రాసింది. అయితే ఆమె కళ్ళు విడివిడిగా బాగానే చూసేవి. కలిపి చూడటమే రాలేదు. కనుక అందరికీ అదే ఫలితం వస్తుందని అనుకోరాదు.

ఇంకొక వాస్తవాన్ని కూడా దాచకూడదు. రెండు కళ్ళకూ వేర్వేరు బొమ్మలు చూపే ఆటతో పెద్దలలో మంచి ఫలితం వచ్చిందని 2013లో ఒక బృందం ప్రకటించింది. కాని 2018లో వెలువడిన మరొక అధ్యయనంలో 7 ఏళ్ళు పైబడిన 115 మంది ఇంటివద్ద ఆరు వారాలు అటువంటి ఆట ఆడితే, మామూలు ఆట ఆడిన వారికంటే ఎక్కువ మేలేమీ కనబడలేదు. అందువలన పెద్దలకు 'గ్యారంటీ చికిత్స' ఉన్నదని ఎవరైనా ప్రకటిస్తే నమ్మకండి.

మెదడు వేసుకున్న కళ్ళెం

పసితనంలో మెదడు తడిమట్టి వంటిది. ఎటు వంచితే అటు వంగుతుంది. పెద్దయ్యాక నేర్చినది చెరిగిపోకుండా తనకు తానే కళ్ళెం వేసుకుంటుంది. కొన్ని కణాల చుట్టూ వల వంటి పదార్థం పేరుకుంటుంది. అణచివేసే సంకేతాలు బలపడతాయి. 2002లో ఎదిగిన ఎలుకలలో ఆ వలను కరిగిస్తే పసితనపు మార్పు శక్తి తిరిగి వచ్చింది. 2007లో కొన్ని రోజులు చీకటిలో ఉంచినా వచ్చింది. 2021లో ఎదిగిన పిల్లులలో మంచి కంటిని మందుతో తాత్కాలికంగా నిద్రపుచ్చితే రెండో కన్ను కోలుకుంది. ఇవన్నీ జంతువుల మీద జరిగినవి. ఇవి చదివి ఎవరూ చీకటి గదిలో కూర్చోవడం, సొంతంగా మందులు మింగడం చేయకూడదు. మన చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే. ఏకాగ్రతతో, ప్రతిదినం, కొంచెం కష్టమైన పనిని ఆ కంటికి అప్పగించడం.

ఆయుర్వేదం ఏమి చెబుతుంది?

మా తాతగారు ఆయుర్వేద వైద్యులు. కనుక నా మనసు ముందుగా ఆయన పుస్తకాల బీరువా వైపే పోయింది. సుశ్రుతుడు ఉత్తర తంత్రంలో 76 నేత్ర రోగాలను వివరించాడు. కాని నా ఆలోచనకు తగిన మాట భేళ సంహితలో దొరికింది. చూపుకు ఆధారమైన ఆలోచక పిత్తాన్ని ఆ గ్రంథం రెండు విధాలుగా చెప్పింది. ఒకటి కంటికి సంబంధించిన చక్షుర్వైశేషికం. రెండవది బుద్ధికి సంబంధించిన బుద్ధివైశేషికం. కన్ను పట్టుకోవడం వేరు, బుద్ధి గ్రహించడం వేరు అన్న భేదాన్ని మన పూర్వులు గమనించారన్నమాట. ఇది నేటి నాడీశాస్త్రంతో సమానమని నేననను. కాని నా కంటి లోపం ఎక్కడున్నదో ఈ మాటతో నాకు సులువుగా బోధపడింది.

లోపం బుద్ధి అభ్యాసంలో ఉన్నప్పుడు కంట్లో ఏది పోసినా అక్కడికి చేరదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫల చూర్ణాన్ని మా ఇంట్లో ఇప్పటికీ వాడుతాము. మునగాకు, తోటకూర, బొప్పాయి, క్యారెట్టు తింటే ఎ విటమిన్ అందుతుంది, రేచీకటి రాకుండా కాపాడుతుంది. ఇవి కంటి ఆరోగ్యానికి మంచివే. సోమరి కన్నును మాత్రం నయం చేయవు. కంటి చుట్టూ పిండితో గట్టు కట్టి ఔషధ ఘృతం నింపే నేత్ర తర్పణం అర్హులైన వైద్యులు చేయవలసిన క్రియ. ఇంట్లో ప్రయత్నించకండి. తేనె, ఉల్లిరసం, ఆకు పసరులు కంట్లో వేయడం ప్రమాదకరం. మంచి కంటికి పుండు పడితే ఉన్న దీపమూ ఆరిపోతుంది.

దీపం వైపు తదేకంగా చూసే త్రాటకం వలన సోమరి కన్ను బాగుపడుతుందని కొందరు అంటారు. అందుకు రుజువు లేదు. కాని త్రాటకం వెనుకనున్న గుణం, అనగా నిలకడ, ఈ సాధనకు చాలా అవసరం.

నేను చేసిన సాధన

రెండవసారి కలిసిన నేత్ర వైద్యురాలు ముందుగా కళ్ళజోడు వ్రాశారు. అప్పటికే చత్వారం కూడా మొదలయింది. మొదటి పది రోజులు తల తిరిగింది, నేల ఎత్తుపల్లాలుగా అనిపించింది. క్రమంగా అలవాటయింది. పరీక్షించే పటం మీద ఎడమకంటి చూపు 6/36 ఉండగా, కేవలం కళ్ళజోడుతో మూడు నెలలకు 6/24కు వచ్చింది. ఇతర సాధనలన్నిటికీ ముందు సరైన కళ్ళజోడే అసలు మందు.

ఆ తర్వాత ఆమె అనుమతితో రోజుకు ఒక గంట కుడికంటికి గంత కట్టి, కూర్చున్న చోటనే ఈ పనులు చేశాను.

మొదటిది, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు, వడ్లు ఏరడం. కిటికీ దగ్గర మంచి వెలుతురులో చేసేదాన్ని.

రెండవది, అక్షరాల వేట. దినపత్రికలో ఒక పుట తీసుకుని 'థ' అక్షరాలన్నిటికీ సున్న చుట్టడం. 'థ'కూ 'ధ'కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. 'ప'కూ 'ష'కూ, 'మ'కూ 'య'కూ కూడా తేడా స్వల్పమే. తెలుగు లిపి ఈ సాధనకు పుట్టినట్లున్నది! మొదట శీర్షికలతో ప్రారంభించి, తప్పులు తగ్గినకొద్దీ చిన్న అక్షరాలకు దిగాను. గంత విప్పి ఎన్ని తప్పిపోయాయో లెక్కించి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకునేదాన్ని.

మూడవది, కనకాంబరాలు మాల కట్టడం, సూదిలో దారం ఎక్కించడం.

ఈ సాధనలో నేను గ్రహించిన సూత్రాలు నాలుగు. పని సులువుగా ఉండకూడదు, అసాధ్యంగానూ ఉండకూడదు. మనసు దానిమీదే ఉండాలి. ఒప్పో తప్పో వెంటనే తెలియాలి. ఒక్కరోజు అయిదు గంటలు చేసేకంటే ప్రతిరోజూ ఒక గంట మేలు.

అయిదవ నెలలో వైద్యురాలు పూసల దారం సాధన నేర్పారు. మూడు రంగుల పూసలు గుచ్చిన పొడుగు దారం ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను ముక్కు వద్ద పట్టుకుని, రెండు కళ్ళూ తెరిచి మధ్య పూసను చూడాలి. రెండు కళ్ళూ పనిచేస్తుంటే పూస దగ్గర ఒకదానినొకటి దాటే రెండు దారాలు కనబడాలి. నాకు ఒక్కటే కనబడింది. మూడు వారాలు ఒక్కటే. తర్వాత ఒకనాటి ఉదయం, పల్చగా, పొగ గీసినట్లు రెండవ దారం కనబడింది. మళ్ళీ మాయమయింది. మా వారిని పిలిచి, "ఏమండీ, రెండు దారాలు!" అంటే ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

ఎనిమిది నెలలకు ఎడమకన్ను 6/18కు చేరి అక్కడే నిలిచిపోయింది. 6/6 రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. మధ్యలో రెండు నెలలు మానివేస్తే కొంత వెనుకబడినట్లనిపించింది. కనుక వారానికి మూడు రోజులు ఇప్పటికీ చేస్తున్నాను. కాని ఇప్పుడు కుడికన్ను మూసుకుంటే జవాబు పత్రాలు, నెమ్మదిగా అయినా, దిద్దగలను. లాభం కొద్దిదే. ఆ కొద్దితోనే నేను రాత్రి నిశ్చింతగా నిద్రపోతున్నాను.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

నేత్ర వైద్యుల పరీక్ష లేకుండా ఈ సాధనలు మొదలుపెట్టవద్దు. ఒక కంటి చూపు తగ్గడానికి శుక్లం, నీటికాసులు, రెటీనా వ్యాధులు వంటి ఇతర కారణాలు ఉండవచ్చు.

మెల్ల ఉన్న పెద్దలు మరింత జాగ్రత్తగా ఉండాలి. మెదడు అణచిపెట్టిన బొమ్మ మేలుకొని, రెండూ కలవకపోతే ఒక వస్తువు రెండుగా కనబడటం మొదలై, అది తగ్గకుండా ఉండిపోయే ప్రమాదమున్నది. సాధనలో వస్తువులు రెండుగా కనబడితే వెంటనే ఆపి వైద్యులకు చెప్పాలి.

గంత కట్టుకుని బండి నడపడం, రోడ్డు దాటడం, పొయ్యి దగ్గర పనిచేయడం, మెట్లు దిగడం చేయకూడదు.

మంచి కంటిని కాపాడుకోవాలి. నూర్పిడి, వడ్రంగం, వెల్డింగు, బాణసంచా దగ్గర రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ పాఠం నాకు ఊక నేర్పింది.

పసిపిల్లల తల్లిదండ్రులకు

నేను ఎనిమిది నెలలు కష్టపడి సంపాదించిన రెండు వరుసలను పసిపిల్లలు ఎంతో సులువుగా సంపాదించగలరు. వారి తలుపు ఇంకా బార్లా తెరిచే ఉన్నది.

కంటి పవరు తేడాలు కుటుంబాలలో రావచ్చునని తెలిసి, మా తమ్ముని ఇంటికి వెళ్ళినప్పుడు అయిదేళ్ళ మేనకోడలిని ఒడిలో కూర్చోబెట్టుకుని ఆటగా ఒక కన్ను మూశాను. ఎడమకన్ను మూసినంతసేపూ బొమ్మల పుస్తకం చూస్తూ కూర్చున్నది. కుడికన్ను మూయగానే, "అత్తా, చెయ్యి తియ్యి" అని ఏడుపు లంకించుకుని నా చేతిని తోసివేసింది. మళ్ళీ మళ్ళీ చూశాను. ప్రతిసారీ అదే తంతు. వైద్యులు పరీక్షించి నాకున్న లోపమే దానికీ ఉన్నదని నిర్ధారించారు.

మా అమ్మ ఒప్పుకోలేదు. "పసిదానికి కళ్ళజోడేమిటే? రేపు పెళ్ళి కావద్దూ? అయినా కంట్లో మెల్ల కూడా లేదు కదా" అన్నది. మెల్ల ఉంటే అదృష్టమనడం కూడా మా ఊళ్ళో అలవాటే. నేను అమ్మ చేతికి పేపరిచ్చి, "నువ్వు నన్ను ఎంత బాగా పెంచావో నాకు తెలుసమ్మా. కాని ఈ ఒక్కటి మనకెవరికీ తెలియలేదు. దీనికైనా తెలిసింది కదా" అన్నాను. నా కుడికన్ను మూసుకుని, ఎడమకంటితో మొదటి వార్త తడబడుతూ చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పాపకు కళ్ళజోడు తేవడానికి తమ్మునితో తానే బయలుదేరింది.

ఇప్పుడు పాప కళ్ళజోడు పెట్టుకుని, రోజుకు రెండు గంటలు మంచి కంటిపై పట్టీ వేసుకుంటున్నది. ఒక మోస్తరు లోపానికి రోజుకు రెండు గంటల పట్టీ, ఆరు గంటల పట్టీతో సమానంగా పనిచేస్తుందని 2003లోనే ఒక అధ్యయనం తేల్చింది. ఎంతసేపు వేయాలన్నది వైద్యులే నిర్ణయించాలి. ఎక్కువ వేస్తే మంచి కన్ను వెనుకబడవచ్చు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. బడిలో చేర్చడానికి ముందే, మూడు నాలుగేళ్ళ వయసులో, ప్రతి బిడ్డకూ ఒక్కొక్క కంటిని విడిగా పరీక్ష చేయించండి. తల ఒక పక్కకు వంచి చూడటం, టీవీ దగ్గరకు జరగడం, ఒక కన్ను మూస్తే విసుక్కోవడం, ఫోటోలలో ఒక కనుపాప తెల్లగా మెరవడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. అలాగే పెద్దలు కూడా ఈ రోజే గోడమీది క్యాలెండరును ఒక్కొక్క కంటితో విడివిడిగా చదివి చూసుకోండి. నేను 44 ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ చిన్న పని చేయలేదు.